లాలాజల పరీక్షతో ఒత్తిడిని కొలవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

లాలాజలంలో ఒత్తిడి ఎలా తెలుస్తుంది?

ఉమ్మిలో ఒత్తిడి అనే పదార్థం ఏదీ ఉండదు. ఒత్తిడికి శరీరం స్పందించినప్పుడు పుట్టే పదార్థాలు మాత్రం ఉంటాయి, ల్యాబ్ వాళ్లు కొలిచేది వాటినే.

ప్రమాదమో, పరీక్షో, గొడవో ఎదురైతే శరీరం రెండు దారుల్లో కదులుతుంది. ఒకటి నరాల దారి. గుండె దడ, చేతుల్లో చెమట, నోరు ఎండిపోవడం క్షణాల్లో మొదలవుతాయి. రెండోది హార్మోన్ల దారి, ఇది కొంచెం నిదానం. మెదడులోని హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను వదులుతుంది. అది అందగానే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్‌ను రక్తంలోకి పంపుతుంది. దాంతో మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను తయారుచేస్తాయి. రక్తంలో చేరిన కార్టిసాల్‌లో కొంత భాగం లాలాజల గ్రంథుల కణాల గుండా నోట్లోకి వస్తుంది. ఒత్తిడికి చేసే లాలాజల పరీక్షల్లో ఎక్కువ భాగం ఈ కార్టిసాల్ మీదే ఆధారపడతాయి.

రక్తపరీక్ష ఉండగా ఉమ్మి దేనికి?

మొదటి కారణం సూది. ఒత్తిడి కొలవడానికి సూది గుచ్చితే ఆ సూదే కొందరిలో ఒత్తిడి పెంచుతుంది. పైగా తెల్లవారుజామున లేవగానే ఒకసారి, అరగంటకు మరోసారి, రాత్రి పదకొండుకు ఇంకోసారి రక్తం తీయాలంటే మనిషిని ఆస్పత్రిలో పడుకోబెట్టాల్సిందే. ఉమ్మి అయితే ఎవరింట్లో వాళ్లే పట్టి ఇవ్వచ్చు.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. రక్తంలోని కార్టిసాల్‌లో 90 శాతం పైగా ప్రొటీన్లకు అతుక్కుని ఉంటుంది. అలా అతుక్కున్నంతసేపు అది కణాల మీద పనిచేయదు. పనిచేసేది మిగిలిన స్వేచ్ఛా కార్టిసాలే. లాలాజలంలోకి దాటగలిగేది కూడా అదే. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో కార్టిసాల్‌ను పట్టి ఉంచే ప్రొటీన్ పెరుగుతుంది కాబట్టి రక్తంలో మొత్తం కార్టిసాల్ ఎక్కువగా కనిపించి అనవసరంగా భయపెడుతుంది. ఈ చిక్కు లాలాజలంలో చాలావరకు తప్పుతుంది.

ఇంకో సౌలభ్యం కూడా ఉంది. కార్టిసాల్ కొవ్వులో కరిగే అణువు. కణాల పొరల్లోంచి దానంతటదే జారిపోతుంది. అందువల్ల నోట్లో ఉమ్మి ఎక్కువ ఊరినా, తక్కువ ఊరినా దాని గాఢత పెద్దగా మారదు. అయితే లాలాజల గ్రంథుల్లో ఉండే ఒక ఎంజైము వచ్చిన కార్టిసాల్‌లో మంచి భాగాన్ని దాని పనిచేయని రూపమైన కార్టిసోన్‌గా మార్చేస్తుంది. అందుకే లాలాజలంలో కార్టిసాల్ కంటే కార్టిసోనే ఎక్కువగా ఉంటుంది. కొన్ని ల్యాబ్‌లు రెండింటినీ కొలుస్తాయి.

కార్టిసాల్ ఒక్కటే కొలుస్తారా?

కాదు. దాని తర్వాత ఎక్కువగా వినిపించేది ఆల్ఫా అమైలేజ్. ఇది పిండిపదార్థాన్ని జీర్ణం చేసే మామూలు ఎంజైమే, కానీ దాని విడుదల, గుండె దడ లాంటివి పుట్టించే సింపథెటిక్ నరాల అదుపులో ఉంటుంది. అందుకని నరాల దారిలో జరిగే హడావుడికి దాన్ని ఒక గుర్తుగా వాడతారు. ఇది త్వరగా పెరిగి త్వరగా దిగుతుంది. ఒత్తిడి కలిగించే పని ముగిసిన కొద్ది నిమిషాల్లోనే శిఖరానికి చేరి దిగడం మొదలుపెడుతుంది. కార్టిసాల్‌కు మాత్రం ఒత్తిడి మొదలైన తర్వాత శిఖరానికి చేరడానికి దాదాపు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అంటే ఇంటర్వ్యూ గదిలోంచి బయటికి రాగానే తీసిన ఉమ్మిలో అమైలేజ్ ఇప్పటి కథ చెబుతుంటే, కార్టిసాల్ అరగంట కిందటి కథ చెబుతుంటుంది.

అమైలేజ్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. ఉమ్మి ఊరే వేగాన్ని బట్టి దాని విలువ మారుతుంది. వ్యాయామం చేస్తే పెరుగుతుంది. బీపీకి, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్ మందులు వాడితే తగ్గుతుంది. దాన్ని తయారుచేసే జన్యువు కాపీల సంఖ్య మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి ఒకరి అంకెను ఇంకొకరి అంకెతో పోల్చడం దండగ.

రోగనిరోధక ప్రొటీన్ అయిన ఇమ్యునోగ్లోబ్యులిన్ ఏ, అడ్రినల్ గ్రంథుల నుంచే వచ్చే డీహెచ్ఈఏ అనే హార్మోన్ లాంటివి కూడా కొలుస్తుంటారు. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఏ అప్పటికప్పుడు వచ్చే ఒత్తిడిలో పెరిగి, నెలల తరబడి సాగే ఒత్తిడిలో తగ్గే ధోరణి చూపిస్తుంది. అది ఆసక్తికరమైన విషయమే గానీ, ఒక మనిషి విషయంలో నిర్ణయం తీసుకోవడానికి సరిపోదు.

ఏ సమయంలో ఉమ్మి ఇవ్వాలి? ఎప్పుడిచ్చినా ఒకటే కదా?

ఈ పరీక్షలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. చాలామంది తేలిగ్గా తీసుకునేదీ ఇదే.

కార్టిసాల్ రోజంతా ఒకే మట్టాన ఉండదు. తెల్లవారుజాము నుంచే పెరుగుతూ వస్తుంది. మెలకువ వచ్చాక 30 నుంచి 45 నిమిషాల్లో ఒక్కసారిగా ఇంకో 50 నుంచి 75 శాతం దాకా ఎగబాకుతుంది. అక్కడి నుంచి మధ్యాహ్నం వరకు వేగంగా, తర్వాత నెమ్మదిగా దిగుతూ అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగుకు చేరుతుంది. ఏ ఒత్తిడీ లేని ఆరోగ్యవంతుడిలోనే ఉదయానికీ రాత్రికీ మధ్య ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. ఉమ్మి పట్టిన వేళ రాయని రిపోర్టును చదవడమంటే ఆటుపోట్ల సంగతి తెలియకుండా ఒడ్డున నీటి లోతు కొలవడమే.

ఉదయం లేవగానే వచ్చే ఆ పెరుగుదల మీద 1990ల చివరి నుంచి విపరీతంగా పరిశోధన జరిగింది. దాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే కళ్లు తెరిచిన వెంటనే, మంచం దిగకముందే మొదటి శాంపిల్ ఇవ్వాలి. తర్వాత అరగంటకు, ముప్పావు గంటకు ఇవ్వాలి. మొదటిది ఒక పావుగంట ఆలస్యమైతే అప్పటికే కార్టిసాల్ సగం దారి ఎక్కేసి ఉంటుంది. అప్పుడు లెక్కలో పెరుగుదల చిన్నదిగా కనిపించి, మనిషికి ఏదో లోపం ఉన్నట్టు తప్పుడు అర్థం వస్తుంది. మూత తెరిచిన సమయాన్ని గుట్టుగా నమోదు చేసే సీసాలతో పరిశోధకులు ఈ విషయాన్ని పరీక్షించారు. జనం కాగితం మీద రాసిన సమయానికీ, మూత నిజంగా తెరిచిన సమయానికీ చాలాసార్లు పొంతన కుదరలేదు. నిద్రమత్తులో ఉన్న మనిషిని తప్పు పట్టలేం గానీ, ఆ అంకె మాత్రం పనికిరాకుండా పోతుంది.

రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారికి, ఈమధ్యే వేరే టైమ్ జోన్‌లోకి ప్రయాణం చేసినవారికి ఈ లయే అటూ ఇటూ అవుతుంది. మామూలు రిఫరెన్స్ పరిధులు వాళ్లకు వర్తించవు.

పరీక్షకు ముందు ఏం మానుకోవాలి?

కిట్‌తో వచ్చిన కాగితంలో ఏం రాసి ఉంటే అదే పాటించండి. సాధారణంగా చెప్పేవి ఇవి. ఉమ్మి ఇవ్వడానికి కనీసం అరగంట ముందు నుంచి, వీలైతే గంట ముందు నుంచి, నీళ్లు తప్ప ఏమీ తినకూడదు, తాగకూడదు. భోజనం చేసినా కార్టిసాల్ కాస్త పెరుగుతుంది. కాఫీ, సిగరెట్ రెండూ పెంచుతాయి. కష్టమైన వ్యాయామమూ పెంచుతుంది. మద్యం ముందు రోజు నుంచే వద్దు.

పళ్లు తోమడం కూడా ఆగాలి. బ్రష్ తగిలి చిగుళ్ల నుంచి రక్తం వస్తే, అందులోని కార్టిసాల్ ఉమ్మిలో కలిసి అంకె పెరుగుతుంది. చిగుళ్ల జబ్బు, నోటిపూత ఉంటే తగ్గాక ఇవ్వడం మేలు. పుల్లటి పదార్థాలు నోట్లో ఆమ్లత్వాన్ని పెంచి పరీక్ష రసాయనాలను తికమక పెడతాయి. లేవగానే ఇచ్చే మొదటి శాంపిల్‌కు తప్ప, మిగతావాటికి నోరు నీళ్లతో పుక్కిలించి, ఓ పది నిమిషాలు ఆగి ఉమ్మి పట్టండి. వెంటనే పడితే నీళ్లు కలిసి పలచబడుతుంది.

అతిమధురం సంగతి చాలామందికి తెలియదు. లాలాజల గ్రంథుల్లో కార్టిసాల్‌ను కార్టిసోన్‌గా మార్చే ఎంజైమును అది అడ్డుకుంటుంది. కార్టిసోన్‌గా మారాల్సిన కార్టిసాల్ అలాగే మిగిలిపోయి రిపోర్టులో ఎక్కువగా కనిపిస్తుంది. గొంతు బిళ్లల్లో, కొన్ని టీ పొడుల్లో, మూలికా మందుల్లో ఇది ఉంటుంది. లేబుల్ చూసుకోండి.

ఇక స్టెరాయిడ్లు. మాత్రలే కాదు, ఆస్తమా ఇన్‌హేలర్లు, ముక్కు స్ప్రేలు, చర్మానికి రాసే క్రీములు అన్నీ లెక్కలోకి వస్తాయి. కొన్ని శరీరం తయారుచేసే కార్టిసాల్‌ను అణచివేస్తాయి. ప్రెడ్నిసలోన్ లాంటివి పరీక్షలో కార్టిసాల్‌లా నటిస్తాయి. హైడ్రోకార్టిసోన్ క్రీము అంటే సాక్షాత్తూ కార్టిసాలే. అది రాసిన వేలితో ఉమ్మి పట్టే దూదిని పట్టుకుంటే చాలు, అంకె ఆకాశాన్ని అంటుతుంది. అలాగని పరీక్ష కోసం ఏ మందునూ మీ అంతట మీరు ఆపకండి. స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపితే ప్రాణాపాయం కావచ్చు. వాడుతున్న సంగతి ల్యాబ్ ఫారంలో రాయండి.

శాంపిల్ ఎలా ఇస్తారు?

రెండు పద్ధతులున్నాయి. ఒకటి, తల కాస్త వంచి, నోట్లో ఊరిన ఉమ్మిని ఒక చిన్న గొట్టం గుండా సీసాలోకి జారనివ్వడం. రెండోది, దూదిలాంటి చుట్టను ఒకటి రెండు నిమిషాలు నోట్లో పెట్టుకుని, తడిశాక గొట్టంలో వేసి మూత పెట్టడం. రెండోది సులువు, చూడ్డానికీ బాగుంటుంది. కానీ అసలు దూది కొన్ని హార్మోన్లను, ముఖ్యంగా డీహెచ్ఈఏ, టెస్టోస్టెరాన్ విలువలను తారుమారు చేస్తుంది. అందుకే ఇప్పుడు కృత్రిమ నారతో చేసినవి ఎక్కువగా వాడుతున్నారు. నురగ కాకుండా ద్రవం సరిపడా ఉండాలి.

కార్టిసాల్ గట్టి అణువే. గది ఉష్ణోగ్రతలో కొన్ని రోజులు నిలుస్తుంది కాబట్టి పోస్టులో పంపినా ఫర్వాలేదు. వెంటనే పంపలేకపోతే ఫ్రిజ్‌లో, ఎక్కువ రోజులైతే ఫ్రీజర్‌లో పెట్టాలి.

రిపోర్టులో నా అంకె పరిధి దాటింది. నాకు ఒత్తిడి ఎక్కువనేనా?

ఒక్క అంకెతో అలా చెప్పలేం. ముందు చూడాల్సింది యూనిట్లు. కొన్ని ల్యాబ్‌లు లీటరుకు నానోమోళ్లలో, కొన్ని డెసిలీటరుకు మైక్రోగ్రాముల్లో ఇస్తాయి. డెసిలీటరుకు ఒక మైక్రోగ్రాము అంటే లీటరుకు 27.6 నానోమోళ్లు. వేర్వేరు ల్యాబ్‌ల అంకెలు పక్కపక్కన పెట్టి కంగారుపడేవాళ్లలో చాలామందిది ఈ యూనిట్ల గొడవే.

తర్వాతది పద్ధతి. ఎలైజా లాంటి యాంటీబాడీ పరీక్షలు కార్టిసోన్‌ను కూడా కొంత కార్టిసాల్‌గా లెక్కేస్తాయి. అణువులను వాటి బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ ఆ రెండింటినీ విడదీసి కొలుస్తుంది కాబట్టి దాని అంకెలు సాధారణంగా తక్కువగా వస్తాయి. ఒక ల్యాబ్ పరిధిని ఇంకో ల్యాబ్ అంకెకు తగిలించకూడదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా, ఆ ఉదయం మీరు నిద్ర చాలక లేచారో, జ్వరం వచ్చేలా ఉందో, ఇంట్లో ఎవరితోనైనా మాటామాటా అనుకున్నారో కార్టిసాల్‌కు అన్నీ ఒకటే. గర్భంతో ఉన్నప్పుడు ఎలాగూ పెరుగుతుంది.

నేను ఒత్తిడితో నలిగిపోతున్నాను, రిపోర్టు మాత్రం నార్మల్. అంటే ఇదంతా నా ఊహేనా?

కానే కాదు. ఈ మాట అడిగేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మనిషి తనకు ఎంత ఒత్తిడిగా ఉందో చెప్పే మాటకూ, కార్టిసాల్ అంకెకూ మధ్య సంబంధం పరిశోధనల్లో పదేపదే బలహీనంగానే తేలింది. దానికి కారణాలున్నాయి. కార్టిసాల్ అన్ని రకాల కష్టాలకూ ఒకేలా లేవదు. 2004లో 208 ప్రయోగశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, నలుగురూ మనల్ని తూకం వేస్తున్నారన్న భయం, పరిస్థితి మన చేతుల్లో లేదన్న భావన, ఈ రెండూ కలిసినప్పుడే స్పందన అన్నిటికంటే పెద్దదిగా కనిపించింది. పని ఎక్కువై విసుగెత్తడం, డబ్బు గురించి లోలోపల నలిగిపోవడం లాంటివి అలా ఒక్కసారిగా శిఖరాన్ని లేపకపోవచ్చు.

పైగా శరీరం అలవాటు పడుతుంది. అదే ఒత్తిడి రెండోసారి, మూడోసారి వచ్చినప్పుడు చాలామందిలో కార్టిసాల్ స్పందన తగ్గిపోతుంది. నెలలు, ఏళ్ల తరబడి సాగే ఒత్తిడిది ఇంకో తీరు. 2007లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం కష్టం మొదలైన కొత్తలో కార్టిసాల్ ఎక్కువగా ఉంటుంది, కాలం గడిచేకొద్దీ మామూలు కంటే కిందికి కూడా దిగుతుంది. తీవ్రమైన మానసిక గాయం తర్వాత వచ్చే పీటీఎస్‌డీలో కార్టిసాల్ తక్కువగా కనిపించిన అధ్యయనాలూ ఉన్నాయి. కాబట్టి ఎక్కువ అంకె, తక్కువ అంకె, మామూలు అంకె, ఈ మూడింటిలో ఏదైనా సరే నిజంగా బాధపడుతున్న మనిషిదే కావచ్చు.

మీకు నిద్ర పట్టకపోతే, పని సాగకపోతే, బతకాలన్న ఆసక్తి తగ్గుతుంటే నార్మల్ రిపోర్టును పక్కన పెట్టి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. వాళ్లు అడిగే పది ప్రశ్నలు ఉమ్మి సీసా కంటే ఎక్కువ చెబుతాయి.

మరి పరిశోధకులు దీన్ని ఎందుకంతగా వాడతారు?

ఒక్క మనిషి విషయంలో గందరగోళంగా ఉన్నది, వందమందిని కలిపి చూస్తే ఒక తీరుగా కనిపిస్తుంది. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో కిర్ష్‌బామ్, పిర్కె, హెల్‌హామర్ 1993లో ప్రచురించిన పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. వచ్చిన మనిషిని ముఖంలో ఏ భావమూ చూపని ఒక బృందం ముందు నిలబెడతారు. ఉద్యోగానికి తానే ఎందుకు తగినవాడో 5 నిమిషాలు మాట్లాడాలి. తర్వాత 5 నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ పోవాలి. తప్పు చెబితే మళ్లీ 1022 దగ్గరికి. రాసేటప్పుడే కాస్త చెమట పడుతోంది. ఆ ముందూ వెనకా పది, పదిహేను నిమిషాలకోసారి ఉమ్మి తీస్తారు. దాదాపు 70 నుంచి 80 శాతం మందిలో కార్టిసాల్ స్పష్టంగా పెరుగుతుంది. మిగిలినవారిలో, చెమటలు పట్టినా సరే, పెరగదు. స్త్రీలు, పురుషులు, రుతుచక్రంలో వేర్వేరు దశల్లో ఉన్నవారు వేర్వేరుగా స్పందిస్తారని, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఈ పెరుగుదల తక్కువని ఇలాంటి ప్రయోగాల వల్లే తెలిసింది.

పిల్లల్లో చేయొచ్చా?

చేయొచ్చు, చేస్తున్నారు. సూదికి ఏడ్చే పిల్లల విషయంలో లాలాజలమే దిక్కు. రోజంతా సంరక్షణ కేంద్రాల్లో గడిపే చిన్నపిల్లల్లో, మధ్యాహ్నం తర్వాత దిగాల్సిన కార్టిసాల్ కొందరిలో పెరుగుతోందని ఇలాగే బయటపడింది. అయితే పుట్టిన మొదటి కొన్ని నెలల్లో పగలు, రాత్రి లయ ఇంకా స్థిరపడదు. నోరూరించడానికి ఒకప్పుడు పిల్లలకు పుల్లటి పొడులు నాకించేవారు. అవి పరీక్షను పాడుచేస్తాయని తేలాక మానేశారు. చిన్న దూది ముక్కలు గొంతులోకి జారే ప్రమాదం ఉంటుంది కాబట్టి పొడవాటి పుల్లలాంటివే వాడాలి, పెద్దవాళ్లు ఒక కొసను వదలకుండా పట్టుకోవాలి.

"అడ్రినల్ ఫటీగ్" ఉందని నాలుగు శాంపిళ్ల పరీక్షలో తేలిందట. ఏం చేయాలి?

అలాంటి జబ్బు ఉన్నట్టు ఆధారాలు లేవు. ఒత్తిడికి పనిచేసి చేసి అడ్రినల్ గ్రంథులు అలసిపోతాయన్న ఊహ వినడానికి బాగుంటుంది. కానీ 2016లో 58 అధ్యయనాలను వడపోసిన ఒక సమీక్ష దీనికి రుజువు లేదని తేల్చింది. హార్మోన్ల నిపుణుల అంతర్జాతీయ సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ కూడా దీన్ని వ్యాధిగా గుర్తించడం లేదు.

ఈ మాటతో వచ్చే అసలు నష్టం వేరే ఉంది. అలసటకు వెనక రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్, నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉండొచ్చు. నిజంగా అడ్రినల్ గ్రంథులు దెబ్బతినే ఆడిసన్ వ్యాధి కూడా ఉండొచ్చు. అది అరుదే గానీ ప్రమాదకరం. బరువు తగ్గడం, బీపీ పడిపోవడం, చర్మం నల్లబడటం లాంటివి ఉంటే ఆలస్యం చేయకూడదు. పైగా ఈ ఫటీగ్ పేరుతో అమ్మే సప్లిమెంట్లను పరీక్షించినప్పుడు కొన్నిట్లో లేబుల్ మీద లేని థైరాయిడ్ హార్మోన్, స్టెరాయిడ్లు బయటపడ్డాయి. నాలుగు శాంపిళ్ల రిపోర్టుతో పాటే సప్లిమెంట్ల జాబితా కూడా వస్తే, అమ్మకం ఎవరిదో ఒకసారి చూసుకోండి.

డాక్టర్లు ఈ పరీక్షను నమ్మకంగా వాడే సందర్భం ఏదైనా ఉందా?

ఉంది, కానీ అది ఒత్తిడి కోసం కాదు. కార్టిసాల్ అవసరానికి మించి తయారయ్యే కుషింగ్స్ సిండ్రోమ్‌లో మొదట చెదిరేది అర్ధరాత్రి తగ్గుదల. అందుకే రాత్రి పదకొండు, పన్నెండు మధ్య తీసిన లాలాజలం ఇక్కడ బాగా పనికొస్తుంది. ఎండోక్రైన్ సొసైటీ 2008 మార్గదర్శకాల్లో దీన్ని తొలి పరీక్షల్లో ఒకటిగా చేర్చారు, కనీసం రెండు రాత్రులు తీయాలన్నారు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద ఊదారంగు చారలు, తేలిగ్గా చర్మం కమిలిపోవడం, కండరాల బలహీనత ఉన్నవారికి ఇది రాస్తారు.

ఇంట్లోనే నిమిషాల్లో చెప్పే కిట్లు, ఫోన్‌కు తగిలించే పరికరాలు ఎలా ఉంటాయి?

గర్భపరీక్ష పట్టీల తరహాలో పనిచేసే కార్టిసాల్ పట్టీలు వచ్చాయి. ఫోన్ కెమెరాతో గీత ముదురుదనాన్ని చదివేవీ ఉన్నాయి. సాంకేతికంగా సాధ్యమే. కష్టం ఎక్కడంటే, సాయంత్రం, రాత్రి ఉండే అతి తక్కువ మోతాదులను నికరంగా కొలవడంలో. కొనే ముందు ఒక్క విషయం చూడండి: దాని ఫలితాలను మాస్ స్పెక్ట్రోమెట్రీతో పోల్చి ఎక్కడైనా ప్రచురించారా? ఆ వివరం లేకుండా "మీ స్ట్రెస్ స్కోరు 72" అని చెప్పే యాప్‌ను వినోదం కింద జమకట్టడమే మంచిది.

ధ్యానం, వ్యాయామం, నిద్ర మార్చుకున్నాను. పని చేస్తోందో లేదో ఇలా గమనించుకోవచ్చా?

గమనించుకోవాలంటే క్రమశిక్షణ కావాలి. మార్పు మొదలుపెట్టక ముందే కొన్ని రోజులు, తర్వాత మళ్లీ అన్నే రోజులు, అవే వేళల్లో, అదే పద్ధతిలో, అదే ల్యాబ్‌లో పరీక్షించుకోవాలి. సెలవు రోజుల్ని, పని రోజుల్ని కలిపేయకూడదు. పని ఉన్న రోజుల్లో ఉదయం పెరుగుదల ఎక్కువగా ఉండటం మామూలే. పక్కనే రోజూ నిద్ర గంటలు, ఆ రోజు ఎలా గడిచిందో పదికి ఎన్ని మార్కులో రాసుకోండి. ఇంత చేశాక చాలామందికి ఆ నోట్‌బుక్కే ఎక్కువ ఉపయోగపడుతుంది. పరీక్షల ఖర్చు మిగిలినట్టే.

లాలాజలం కాక ఇంకేం ఉన్నాయి?

వెంట్రుకలు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి మాడుకు దగ్గరగా తీసిన మూడు సెంటీమీటర్లలో గడిచిన మూడు నెలల సగటు దొరుకుతుంది. వేళతో పనిలేదు గానీ, ఏ రోజు ఏం జరిగిందో అది చెప్పదు. రోజు మొత్తంలో విడుదలైనదాన్ని చూడాలంటే 24 గంటల మూత్రం పడతారు. చెమటలో కార్టిసాల్ చదివే పట్టీల మీద పరిశోధన సాగుతోంది.

ఆఫీసులో ఉద్యోగులందరికీ ఈ పరీక్ష చేస్తామంటున్నారు. ఇవ్వాలా?

ముందు మూడు సంగతులు అడగండి. ఫలితం ఎవరి చేతికి వెళుతుంది, శాంపిల్‌ను తర్వాత ఏం చేస్తారు, వద్దంటే ఏమవుతుంది. ఉమ్మిలో కార్టిసాలే కాదు, మీ డీఎన్ఏ కూడా ఉంటుంది. కాబట్టి శాంపిల్‌ను ఇంకే పరీక్షకూ వాడబోమని, పని అయ్యాక పారేస్తామని రాతపూర్వకంగా తీసుకోవాలి. పేర్లు తీసేసి, ఒక విభాగం మొత్తాన్ని కలిపి చూసే అధ్యయనమైతే దానికి అర్థం ఉంది. ఒక్కొక్కరికి ఒక్కో అంకె ఇచ్చి, దాన్ని బట్టి ఎవరు తట్టుకోగలరో, ఎవరు తట్టుకోలేరో తేలుస్తామంటే మాత్రం పైన చెప్పిన కారణాలన్నిటి వల్లా ఈ పరీక్షకు ఆ శక్తి లేదు. వద్దనడానికి మీకు పూర్తి కారణం ఉంది.